పాల వ్యాను వచ్చేలోపు

పాడి మీద అచ్చయ్యే కరపత్రాలు ఆవు గురించి అన్నీ చెబుతాయి. ఏ నెలలో ఏ టీకా వేయించాలి, లీటరు పాలకు ఎంత దాణా పెట్టాలి, ఎదకొచ్చిందని ఎలా కనిపెట్టాలి. ఆ ఆవు పొదుగు దగ్గర గొంతుక్కూర్చున్న మనిషి మాత్రం వాటిలో కనిపించదు. చిత్తూరు వైపు పల్లెల్లో ఆ మనిషి చాలా ఇళ్లలో ఆడమనిషే. వానను నమ్ముకున్న వేరుశనగ ఏటికేడు చేతికి రాకుండా పోతుంటే, బోర్లు అడుగంటుతుంటే, ఆ సంసారాలను నిలబెట్టింది కొట్టంలోని రెండు మూడు ఆవులు. పుంగనూరు పొట్టి ఆవు పేరు దేశమంతా మోగుతోంది గానీ, ఇక్కడ పాల బిల్లు తెచ్చేవి జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకరాలే. ఒక్కో ఆవు మూడు నాలుగు వందల కిలోలు. పిండే మనిషి యాభై కిలోలు.

ప్రమాదాలు పొద్దస్తమానం జరగవు. పాల వ్యాను వచ్చే ముందు గంటలోనే ఎక్కువ జరుగుతాయి. చీకట్లో లేవాలి, పేడ తీయాలి, గడ్డి కొట్టాలి, పిండాలి, క్యాను సెంటర్‌కు చేర్చాలి. ఒక్కటి ఆలస్యమైతే ఆ పూట పాలు ఇంట్లో మిగిలిపోతాయి. కాబట్టి ఇక్కడ రాసే జాగ్రత్తలన్నిటికీ ముందు చేయవలసిన పని ఒకటుంది. వ్యాను ముందరి గంటలోంచి రెండు పనులు తీసి వేరే వేళకు మార్చండి. గడ్డి కొట్టడం ముందు రోజు సాయంత్రం వెలుగుండగానే ముగించండి. మందులు తాగించడం, గోమార్లకు పిచికారీ చేయడం పొద్దెక్కాక, ఎండ ముదరకముందు పెట్టుకోండి.

పలుపు, కాలు, కొమ్ము

పలుపును చేతికి చుట్టుకోకూడదు. ఇంత చిన్న మాట ఎందుకంటారా? ఆవు బెదిరి ఒక్క ఊపు ఊపితే ఆ చుట్టు బిగిసి వేళ్లు విరుగుతాయి, ఒక్కోసారి ఊడిపోతాయి. మనిషిని రోడ్డు మీద ఈడ్చుకుపోయేది కూడా ఆ చుట్టే. తాడును మడతగా పట్టుకోవాలి, గుప్పిట విప్పితే జారిపోవాలి. నడుముకు కట్టుకుని మేపుకు తోలుకెళ్లడం అసలే వద్దు.

దగ్గరకు వెళ్లేటప్పుడు ముందు పలకరించండి, భుజం వైపు నుంచి వెళ్లండి. తోకకు సరిగ్గా వెనక నిలబడిన మనిషి ఆవుకు కనబడదు. కాలు విసిరేటప్పుడు అది పక్కకు కూడా విసురుతుంది, అందుకే రెండడుగుల దూరంలో నిలబడడం కంటే ఒంటికి ఆనుకుని నిలబడడమే మేలు. పిండడానికి మఠం వేసుకుని కూర్చోవద్దు, లేవడానికి సమయం చిక్కదు. రోజూ కుదురుగా పిండించుకునే ఆవు ఉన్నట్టుండి తన్నిందంటే దాన్ని కొట్టే ముందు చన్ను చూడండి. పగులో, పుండో, పొదుగువాపు మొదలైన వేడో ఉంటుంది. తొలిచూలు పెయ్యలకు ఈనడానికి నెల ముందు నుంచే పొదుగు నిమరడం అలవాటు చేస్తే సగం తన్నులు తప్పుతాయి.

ఈనిన ఆవు ఎంత సాధువైనా రెండు మూడు రోజులు దాన్ని నమ్మకండి. పిల్లలను, కుక్కను కొట్టంలోకి రానివ్వకండి. దూడకూ, తల్లికీ మధ్య నిలబడకండి.

గడ్డి మిషను

సూపర్ నేపియర్ గడ్డి వచ్చాక ఇంటింటికీ గడ్డి మిషను వచ్చింది. దానితో పాటు వేళ్లు తెగడమూ వచ్చింది. చీర కొంగు, చున్నీ, మెడలో తువాలు, వదులు గాజులు, విప్పుకున్న జుట్టు, వీటిలో ఏ ఒక్కటి రోలరుకు చిక్కినా చెయ్యి దాని వెంటే వెళుతుంది. కొంగు బొడ్లో దోపుకోండి. ఇంకా మంచిది, పైన ఒక పాత చొక్కా గుండీలు పెట్టి తొడుక్కోండి. ఊళ్లో చాలామంది ఆడవాళ్లు పొలం పనికి అలాగే వెళతారు, మిషను దగ్గరకు మాత్రం ఎందుకో వేసుకోరు.

గడ్డి చివరి జానెడు చేత్తో నెట్టడంలోనే ప్రమాదమంతా ఉంది. మోపు పొడుగున్నంతసేపూ చెయ్యి దూరంగా ఉంటుంది, తరుగుతున్న కొద్దీ బ్లేడు వైపు జరుగుతుంది. చివరి ముక్కలను తర్వాతి మోపు నెట్టుకుపోయేలా వేయండి, లేకపోతే కర్రతో నెట్టండి. ఇరుక్కున్న గడ్డిని మిషను తిరుగుతుండగా లాగకండి. స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి, చక్రం పూర్తిగా నిలిచాక చెయ్యి పెట్టాలి. లోపల మీ చెయ్యి ఉందని తెలియక ఇంకెవరో వచ్చి స్విచ్చి వేయవచ్చు. కొనేటప్పుడు గడ్డి పోసే తొట్టి పొడుగ్గా ఉన్నదీ, పైన మూత ఉన్నదీ, వెనక్కి తిప్పే గేరు ఉన్నదీ చూసుకోండి. వెయ్యి రెండు వేలు తగ్గిందని మూత లేని మిషను తెచ్చుకోవద్దు. వాడనప్పుడు చక్రానికి తాళం వేయండి. బడి లేని రోజు పిల్లలకు అది ఆటవస్తువు.

ఇంత చెప్పినా జరిగితే, తెగిన భాగాన్ని పారేయకండి. శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి కట్టి, ఆ కవరును ఐసు ఉన్న ఇంకో సంచిలో పెట్టండి. ఐసు నేరుగా తగిలితే కండ పాడైపోతుంది. గాయం మీద గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టి 108కి ఫోన్ చేయండి. పసుపు, కాఫీపొడి పెట్టకండి. పెద్దాసుపత్రి ఉన్న వేలూరు ఇక్కడికి దగ్గరే. గంటల్లో చేరితే అతికించే అవకాశం ఉంటుంది.

కరెంటు

తడి నేల, రేకుల కప్పు, ఇనుప గాడి, ఎలుకలు కొరికిన వైరు. కొట్టంలో ఇవన్నీ ఒకచోటే ఉంటాయి. వైరును రేకు మీదుగా గానీ ఇనుప దూలానికి చుట్టి గానీ లాగకండి, పైపులో వేయించండి. మోటారుకు, గడ్డి మిషనుకు, పాలు పిండే మిషనుకు ఎర్తింగ్ ఉండాలి. 30 మిల్లీ ఆంపియర్లకే తెగిపోయే ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించుకోండి, అది ఒక దూడ ధర కూడా ఉండదు. తడి చేతులతో, వట్టి కాళ్లతో స్టార్టరు ముట్టుకోవద్దు. పశువును కరెంటు స్తంభానికీ స్టే వైరుకూ కట్టేయకండి. వానాకాలంలో స్టే వైరుకు కరెంటు పారి పశువులు చనిపోయిన ఊళ్లు చాలా ఉన్నాయి. ఆవు కొట్టుకుంటూ పడిపోతే దాన్ని పట్టుకోవడానికి పరుగెత్తకండి, ముందు మెయిన్ ఆపండి.

పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి అంచు ఊళ్లకు ఇంకో మాట. ఏనుగుల బాధ నిజమే, రాత్రంతా మేలుకున్నవాడికే ఆ కష్టం తెలుస్తుంది. అయినా చేను చుట్టూ నేరుగా కరెంటు తీగ కట్టడం నేరం. దానికి చిక్కేది ఏనుగు ఒక్కటే కాదు, తాడు తెంపుకున్న సొంత ఆవు, దాన్ని వెతుక్కుంటూ చీకట్లో వెళ్లిన సొంత మనిషి కూడా.

మేతలో ఉండే విషం

నాము, అంటే జొన్న మేతతో తగిలే విషం సంగతి పెద్దలకు తెలుసు, సంకర ఆవులతో పాడిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు తెలియదు. లేత జొన్నలో, కోసిన మొదళ్ల నుంచి వచ్చే పిలకల్లో, ఎండకు వాడి గిడసబారిన పైరులో సైనైడు తయారవుతుంది. కడుపారా మేసిన ఆవు నిమిషాల్లో ఆయాసపడి, వణికి, పడిపోతుంది. బెట్ట తర్వాత ఒక వాన పడి పచ్చగా లేచిన జొన్న అన్నిటికంటే ప్రమాదకరం, చూడ్డానికి అన్నిటికంటే బాగుండేదీ అదే. పూత వచ్చాకే కోసి వేయండి, లేదా ఎండబెట్టి వేయండి. ఆకలి మీదున్న ఆవును జొన్న చేలోకి వదలకండి. విరుగుడు సూదిమందు ఉంది, కానీ అది డాక్టరు చేతిలో ఉండాల్సిందే. కాబట్టి ఆవు తూలుతుండగానే ఫోన్ చేయండి, పడ్డాక కాదు.

వేరుశనగ కోత సమయంలో వాన పడితే కట్టె బూజు పడుతుంది. నల్లబడిన ఆ కట్టెను, ముక్కవాసన వచ్చే చెక్కను మనం తినం కదా అని ఆవుకు వేస్తాం. ఆ బూజులోని అఫ్లటాక్సిన్ ఆవు కాలేయాన్ని తింటూ పాలలోకి దిగుతుంది. కాచినా పోదు. పాలలో అది కిలోకు 0.5 మైక్రోగ్రాము మించకూడదని ఆహార భద్రతా నిబంధన. బూజు కట్టెను కడిగి, ఎండబెట్టి వేసినా లాభం లేదు. ఎరువు దిబ్బలో వేయండి.

జూన్, జులైలో తోతాపురి కాయల గుజ్జు తీసే ఫ్యాక్టరీల నుంచి తొక్కలు, టెంకలు ట్రాక్టర్ల కొద్దీ వస్తాయి. తొక్కలు ఒక్కసారిగా గంపెడు పెడితే కడుపులో పులిసి, ఆవు మేత మానేసి కూలబడుతుంది. కొద్దికొద్దిగా, ఎండుగడ్డితో కలిపి అలవాటు చేయాలి. పెళ్లిలో మిగిలిన అన్నం, జావ కూడా ఇదే పని చేస్తాయి. గంపెడు అన్నం తిన్న ఆవు మర్నాటికి బతికుంటే అదృష్టమే. ఇక టెంకలు, వాటిని అసలు వేయకండి. టెంక గొంతుకు అడ్డంపడితే ఆవు మెడ చాపి, చొంగ కారుస్తూ, నిమిష నిమిషానికీ ఉబ్బుతుంది. కర్రతో లోపలికి తోయకండి, అన్నవాహిక చిరుగుతుంది. చెయ్యి పెట్టి తీయబోకండి కూడా. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

మదనపల్లె సంతలో టమాటా ధర పడిపోయిన రోజుల్లో తోట మొత్తాన్ని ఆవులకు వదిలేయడం మామూలే. తోటకు చివరిసారి ఏ మందు కొట్టారో, ఎన్నాళ్లయిందో తోట యజమానిని అడిగి గానీ వదలకండి. డబ్బా మీద రాసిన గడువు మనుషులకే కాదు, పశువులకూ వర్తిస్తుంది.

యూరియా బస్తాలు కొట్టంలో పెట్టకండి. యూరియా కలిపిన నీళ్ల బకెట్టు అరనిమిషం అలా వదిలినా కుడితి అనుకుని ఆవు తాగేస్తుంది. ఎండుగడ్డిని యూరియాతో మాగబెట్టడం మంచి పద్ధతే. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోలు మించకూడదు, గాలి చొరకుండా 21 రోజులు కప్పాలి, తీశాక ఘాటు పోయేదాకా ఆరబెట్టాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు.

గొట్టం మందు, సొంత సూది

ఆవు తల పైకెత్తి, నాలుక బయటికి లాగి, వెదురు గొట్టంతో నూనో కషాయమో పోయడం మన తాతల నాటి వైద్యం. దానివల్ల చచ్చిన ఆవుల లెక్క ఎవరూ తీయలేదు గానీ, తీస్తే భయపడతాం. నాలుక లాగి పట్టుకుంటే ఆవు మింగలేదు, మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండో రోజు దగ్గు, మూడో రోజు ఆయాసం. అప్పుడు జబ్బు ముదిరిందంటాం. తాగించక తప్పకపోతే తలను వీపు ఎత్తుకు మించి లేపకండి, నాలుక వదిలేయండి, చెంప సందులోంచి గుక్కెడు గుక్కెడుగా పోయండి. దగ్గిన క్షణంలో తల వదిలేయాలి. పడుకున్న ఆవుకు నోటి మందు పోయకూడదు.

ఈ చివరి మాట పాలజ్వరానికి మరీ ముఖ్యం. ఎక్కువ పాలిచ్చే ఆవు ఈనిన మూడు రోజుల్లోపు కాళ్లు తడబడి కూలబడుతుంది, మెడ డొక్క వైపు తిప్పి పెట్టుకుంటుంది, చెవులు చల్లబడతాయి. పేరు జ్వరమే గానీ ఒంట్లో వేడి ఉండదు. పక్కకు ఒరిగిపోకుండా గడ్డి మోపులు ఆనించి రొమ్ము మీద కూర్చోబెట్టండి, డాక్టరును పిలవండి. కాల్షియం సీసా మందుల షాపులో దొరుకుతుంది కదా అని నరానికి ఎక్కించే సాహసం చేయకండి. అది వేగంగా వెళితే గుండె ఆగుతుంది. డాక్టరు గుండె చప్పుడు వింటూ నెమ్మదిగా ఎక్కిస్తాడు.

పాలు చేపడానికి ఆక్సిటోసిన్ సూది వేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని 2006లోనే నిషేధించారు, 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్‌లను కూడా. డైక్లోఫెనాక్ పడ్డ కళేబరాలు తిని రాబందులు అంతరించే దశకు వచ్చాయి. పొదుగువాపుకు ఒక్క చన్నులో మందు ఎక్కించినా నాలుగు చన్నుల పాలూ గడువు తీరేదాకా సెంటర్‌కు పోయకూడదు. మందు రక్తంలో తిరిగి అన్నిటిలోకీ వస్తుంది. ఒక్క ఇంటి పాలతో ట్యాంకరంతా చెడుతుంది.

ఆవు నుంచి మనిషికి

2022లో లంపీ చర్మవ్యాధి వచ్చినప్పుడు భయంతో పాలు తాగడం మానేసినవాళ్లున్నారు. అది మనిషికి సోకదు. మనిషికి సోకే బ్రుసెల్లోసిస్ దగ్గర మాత్రం ఎవరికీ భయం లేదు. ఆ జబ్బుతో ఐదారు నెలల పైబడిన చూడి ఆవు ఈసుకుపోతే, ఆ పిండాన్నీ మాయనూ వట్టి చేతులతో ఎత్తి దిబ్బ మీద పడేస్తాం. కుక్క దాన్ని ఊరంతా ఈడ్చుకుంటూ తిరుగుతుంది.

చేయవలసినవి: చేతులకు గ్లౌజులు, అవి లేకపోతే మోచేతుల దాకా ప్లాస్టిక్ కవర్లు. మాయ, పిండం, తడిసిన గడ్డి సున్నం వేసి లోతుగా పూడ్చాలి. ఆవును విడిగా కట్టి రక్తపరీక్ష చేయించాలి. పెయ్య దూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య ఒక్కసారి బ్రుసెల్లోసిస్ టీకా వేయించాలి. అది బతికున్న క్రిములతో చేసిన టీకా, వేసేవాళ్లు దూడను గట్టిగా పట్టుకోమంటే పట్టుకోండి, సూది మీకు గుచ్చుకోకూడదు. గర్భిణులను ఈ పనులన్నిటికీ దూరంగా ఉంచండి.

చేయకూడనివి: పడని మాయను చెయ్యి పెట్టి లాగడం. పచ్చిపాలు తాగడం. ఉడకని జున్ను తినడం.

ఇంకొకటి. వారాల తరబడి వచ్చిపోయే జ్వరం, రాత్రి చెమటలు, కీళ్లనొప్పులతో ఆసుపత్రికి వెళితే "మా ఇంట్లో ఆవు ఈసుకుపోయింది" అని డాక్టరుకు చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పకపోతే టైఫాయిడ్ మందులు మింగుతూ నెలలు గడిచిపోతాయి.

ఇప్పుడు గొంతులో టెంక సంగతి. చొంగ కార్చే ఆవుకు గొంతులో ఏదో అడ్డంపడిందనుకుని చెయ్యి పెడతాం. పిచ్చికుక్క కరిచిన ఆవు కూడా చొంగే కారుస్తుంది, మింగలేదు, బొంగురుగా అరుస్తుంది. కుక్క కరిచి నెలలు గడిచి ఉండవచ్చు, మనకు తెలిసి ఉండకపోవచ్చు. ఆ చొంగ చేతి మీది గాటుకు తగిలితే చాలు. లక్షణాలు బయటపడ్డ రేబిస్‌కు పశువులోనూ మనిషిలోనూ వైద్యం లేదు. కాబట్టి కారణం ఏదైనా, వట్టి చెయ్యి నోట్లో పెట్టకండి. పెట్టేసి ఉంటే సబ్బుతో పావుగంట పారే నీళ్ల కింద కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోండి. అలాంటి ఆవు పాలు పిండకండి, ఎవరికీ పోయకండి.

దొమ్మరోగం రాయలసీమ నేలలకు కొత్త కాదు. సాయంత్రం బాగున్న పశువు తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది, ముక్కు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు కారుతుంది, ఒళ్లు బిగుసుకోదు. దాన్ని కోయకూడదు, తోలు తీయకూడదు, మాంసం పంచుకోకూడదు. గాలి తగిలితే ఆ క్రిమి గింజకట్టి మట్టిలో దశాబ్దాలు బతుకుతుంది. డాక్టరు చూశాక ఆరడుగుల లోతు గోతిలో సున్నం పోసి పూడ్చాలి, వాగుకూ బావికీ దూరంగా. ఆ చోట మళ్లీ మేపకూడదు. బీమా ఉందని చెవిపోగు కోసి తెచ్చుకునే అలవాటు ఉంది, ఏ చావులోనైనా డాక్టరు వచ్చేదాకా పోగు చెవికే ఉండనివ్వండి.

గుంట, పొగ, బండి

పేడనీళ్ల తొట్టి, గోబర్ గ్యాస్ గుంత, పాతర గడ్డి గొయ్యి. వీటిలో ఊపిరి ఆపే గాలి అడుగున చేరుతుంది, చాలాసార్లు వాసన కూడా రాదు. శుభ్రం చేయడానికి ఒకరు దిగి పడిపోతే, కాపాడడానికి ఇంకొకరు దిగి వాళ్లూ పడిపోవడం ఇలాంటి చావుల్లో మామూలుగా జరిగేది. మనిషిని దించకుండా పైనుంచే కదిలించి తోడించండి. ఎవరైనా పడితే వెంటనే దిగకండి, పైనుంచి తాడు వేయండి, జనాన్ని పిలవండి, 101కీ 108కీ ఫోన్ చేయండి.

దోమలకని వేసే పొగ గడ్డివామికి ఆమడ దూరంలో ఉండాలి, పడుకునే ముందు నీళ్లు పోసి ఆర్పాలి. వామిని కరెంటు తీగల కింద వేయకండి. రాత్రి ఆవులను కట్టే ముడి ఒక్క లాగుకు ఊడిపోయేదై ఉండాలి. నిప్పంటుకున్నప్పుడు పీటముడులు విప్పుతూ కూర్చోలేరు.

బండికి పాల క్యాన్లు రెండు వైపులా సమంగా కట్టండి, వెనక ఎర్ర రిఫ్లెక్టరు అంటించండి. తెల్లవారుజామున బెంగళూరు రోడ్డు మీద టమాటా లారీల డ్రైవర్లు రాత్రంతా నిద్రలేనివాళ్లని గుర్తుంచుకోండి.

కొట్టం గోడ మీద పిల్లల చేత సుద్దముక్కతో కాకుండా పెయింటుతో రాయించవలసినవి: పశువుల అంబులెన్సు 1962, మనుషులకు 108, ఊరి లైన్‌మన్ నంబరు, పశువుల డాక్టరు నంబరు, ప్రతి ఆవు చెవిపోగు మీది పన్నెండు అంకెలు, బీమా ముగిసే తేదీ. మెయిన్ స్విచ్చి ఎక్కడుందో బాణం గుర్తు కూడా వేయించండి. ప్రమాదం జరిగే వేళకు ఇంట్లో ఉండేది ముసలమ్మ ఒక్కతే కావచ్చు.